సాయంత్రపు జీతం

ఆ వీధుల్లో అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరుతో ఎవరికీ పని పడలేదు. "కరెంటాయన వచ్చాడు, గేటు తియ్యండి" అన్న మాట వినబడితే చాలు, లోపల టీవీ నోరు మూసుకునేది, తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయేది, ఇల్లాలు చెయ్యి తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చేది. అతను మీటరు ముందు నిలబడిన ఆ కాసేపూ పొదుపుగా కనిపిస్తే బిల్లు తగ్గుతుందని జనానికి ఎక్కడో ఒక నమ్మకం. "మీటరుకి మొహమాటం ఉండదమ్మా, అది ముందే రాసేసుకుంది" అని అతను ఎన్నిసార్లు చెప్పినా ఆ నమ్మకం చెక్కు చెదరలేదు. నమ్మకాల ఆయుష్షు అలాంటిది. కారణాలు చచ్చిపోయినా అవి బతికే ఉంటాయి.

అయితే ఆ వీధులు అతన్ని గౌరవించింది రీడింగు తీసినందుకు కాదు, సలహా చెప్పినందుకు. ఆ ఊళ్లో కరెంటు ధరకి గీతలున్నాయి. వాడకం గీతకి ఇవతల ఉన్నంతకాలం యూనిట్టు చవక. గీత దాటి ఒక్క యూనిట్టు అటు పడిందా, ఆ ఒక్కదానికే కాదు, మొదటి యూనిట్టు నుంచీ మొత్తానికి పెద్ద రేటు పడుతుంది. కాలు జారింది ఒక మెట్టే అయినా పడేది మాత్రం మేడ మీంచి. అందుకని కరెంటాయన నెల మధ్యలో అటుగా పోతూ మీటర్లకేసి ఓ చూపు చూసి, "గీతకి దగ్గరపడ్డారమ్మా. నేను బిల్లు తీసేదాకా గీజరు జోలికి వెళ్లకండి" అని హెచ్చరించి పోయేవాడు. అతని మాట మీద ఒక దర్జీ ఇస్త్రీపెట్టెకి సెలవిచ్చాడు. ఒక పెద్దాయన రేడియో కూడా కట్టేసి, తనలో తను పాడుకుని కాలం గడిపాడు. బిల్లు చేతికొచ్చాక ఇద్దరూ అతనికి దండం పెట్టినంత పని చేశారు. ఇరవై ఏళ్లుగా ఈ గీతల మధ్య తిరిగిన మనిషికి, లోకంలో ఏ గీతయినా ఇలాగే ఉంటుందని అనిపించడంలో వింత లేదు. తాను తొక్కిన తోవే తోవ అనుకోవడం మనిషికి సహజం.

అతని భార్య కళ్లజోళ్ల దుకాణంలో పని చేసేది. ఫ్రేము మొహానికి ఒదిగేలా కాడలు వంచడం, ముక్కు మీద ఆనే మెత్తలు మార్చడం, వచ్చినవాళ్లని అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి "ఈ వరుస కనిపిస్తోందా? పోనీ దీని పైది?" అని ఓపిగ్గా అడగడం ఆవిడ పని. ఒకరోజు అద్దాలు మార్పించుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ, బోర్డు మీది అక్షరాలు చెప్పడం మానేసి, కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఏమమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదు తల్లీ. నీ గొంతు వింటున్నా. ఇంత గొంతు పెట్టుకుని ఈ గాజుముక్కల మధ్య ఏం చేస్తున్నావ్?"

ఆ పెద్దావిడ ఒక సంస్థలో లెక్కలు చూస్తుంది. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివించి, రికార్డు చేసి పంపే సంస్థ అది. అక్కడివాళ్లంతా ఆవిడని లెక్కలమ్మ అంటారు. లెక్కలమ్మ చలవ వల్ల కరెంటాయన భార్యకి సాయంత్రం ఉద్యోగం దొరికింది. దుకాణం మూసిన వెంటనే అక్కడికి వెళ్లడం, గాజు తలుపు వెనక చిన్న గదిలో కూర్చుని, ఎదురుగా ఉన్న మైకుకి పుస్తకం చదివి వినిపించడం. దానికి నెలజీతం. పగటి జీతంలో మూడో వంతుకి తక్కువే గానీ, జీతం జీతమే.

ఆవిడకి ఇచ్చిన పుస్తకం సముద్రం గురించి. తలగడంత మందం. ఆ సంస్థలో ఒక ఆచారం ఉంది: ఒక పుస్తకానికి ఒకే గొంతు. కళ్లతో చదివేవాడికి అచ్చు మధ్యలో మారినా ఫరవాలేదు. చెవులతో చదివేవాడికి మధ్యలో గొంతు మారితే, ఇంట్లో కూర్చున్న మనిషి ఉన్నట్టుండి లేచిపోయి ఎవరో పరాయివాళ్లు వచ్చి కూర్చున్నట్టు ఉంటుందట. అందుకని చదివేవాళ్లు సగంలో మానేస్తే, అప్పటిదాకా చదివినదంతా చెరిపేసి, కొత్త గొంతుతో మొదటి పేజీ నుంచీ మొదలుపెడతారు.

ఆవిడ తన గొంతుని చంటిపిల్లలా చూసుకోవడం నేర్చుకుంది. చల్లనీళ్లు మానేసింది. వంటింట్లోంచి కేకవేయడం మానేసింది; మొగుడితో పనిబడితే వచ్చి భుజం మీద చెయ్యి వేసేది. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా ఏదో ఒక కబురు చెప్పేది. "ఎంత లోతుకి వెళ్లాక ఎండ ఆగిపోతుందో తెలుసా?" అనేది. "అక్కడ చేపలు తమ దీపం తామే మోసుకు తిరుగుతాయట."

"వాటికి బిల్లెవరిస్తారు?" అనేవాడు కరెంటాయన.

నవ్వుకునేవాళ్లు. కానీ ఆవిడ చదువుతుంటే వినాలని అతను ఏనాడూ అనుకోలేదు. "ఓ పేజీ చదవనా?" అంటే "తర్వాత వింటాలే" అనేవాడు. అతని డ్యూటీ పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికే అయిపోతుంది. పిల్లలు లేని ఇల్లు. సాయంత్రమంతా గోడలకేసి చూస్తూ, ట్యూబులైటు వెనకనుంచి తొంగిచూసే బల్లితో మంచీ చెడ్డా మాట్లాడుకుంటూ కూర్చునేవాడు. ఆ బల్లి మంచి శ్రోత. ఎదురు చెప్పదు, అవునన్నట్టు మాత్రం అప్పుడప్పుడూ కిచకిచమనేది. అది నిజాన్ని సమర్థించే శబ్దమని కొందరంటారు. అతను మాత్రం దానికి ఆకలేస్తోందనుకునేవాడు.

ఏడాదిలో మూడొంతులు గడిచాక ఒకనాడు, ఆవిడ రెండు పే స్లిప్పులూ బల్ల మీద పడి ఉంటే చూశాడు.

"ఇది చూశావా?" అన్నాడు.

"ఏముంది అందులో?"

"దుకాణం జీతంలో పన్ను కింద వందకి రెండో మూడో పోతోంది. దీంట్లో వందకి ఇరవై కోశారు."

"అది కొంచెం ఎక్కువ కోస్తామని లెక్కలమ్మ చేరినప్పుడే చెప్పిందండీ."

"ఎందుకు కోస్తామందో చెప్పిందా?"

"చెప్పింది. నాకు సగమే అర్థమైంది."

"మిగతా సగం నేను చెప్తా విను. రెండు జీతాలూ కలిసి ఏడాది చివరికి పై స్లాబులోకి పోతాయి. గీత దాటితే పగటి జీతానికీ ఇదే రేటు. ఏడాదంతా గొంతు అరగదీసుకుని, చివరికి ఎదురు కట్టాలి. అవ్వా లేదు, బువ్వా లేదు."

"అలాగా?"

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. గీత దాటిన ఇల్లు ఏదీ నవ్వగా నేను చూడలేదు. ఈ నెలతో ఆపెయ్యి. ఇవతలి ఒడ్డునే ఉంటాం. కొత్త ఏడాది రాగానే మళ్లీ చేరొచ్చు."

"పుస్తకం ఆగదు కదండీ. ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ఇంకో పుస్తకం నీకిస్తారు. పుస్తకాలకి కరువా?"

ఆవిడ పే స్లిప్పుల కేసి చూడలేదు. అతని మొహంకేసి చూసింది. ఆ చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది. "సరే" అంది.

వాదన ఉంటుందనుకుని రెండు ఉదాహరణలు సిద్ధం చేసుకున్న కరెంటాయనకి, ఆ 'సరే' చేతిలో పెట్టినంత తేలిగ్గా దొరికేసరికి ఒక క్షణం ఏం చేయాలో తోచలేదు. ఆ నెలాఖరున ఆవిడ సంస్థకి వెళ్లి, ఇంట్లో వీలు కావడం లేదని మాత్రం చెప్పి వచ్చేసింది. 

మొదట్లో సాయంత్రాలు పండగలా ఉన్నాయి. రెండు కుర్చీలు, రెండు కప్పులు, వీధి చివరిదాకా నడక. బల్లికి పలకరింపులు తగ్గాయి. కానీ రోజులు గడిచేకొద్దీ కరెంటాయనకి ఏదో తేడా తెలుస్తూ వచ్చింది. మీటరు బాగానే తిరుగుతోంది, ఇంట్లో మాత్రం దీపం వెలగడం లేదు. అలా ఉంది అతని పరిస్థితి. "ఏమిటి కబుర్లు?" అంటే "ఏముంటాయి, మామూలే" అనేది ఆవిడ. ఫ్రిజ్ తీసి చల్లనీళ్లు గడగడా తాగేసేది. ఒకరోజు వంటింట్లోంచి "టీ చల్లారిపోతోంది, రండి" అని గట్టిగా కేక వేసింది. అతను ఉలిక్కిపడ్డాడు. ఆ కేక అతన్ని ఎందుకు అంత బాధపెట్టిందో అప్పుడు తెలియలేదు. కప్పు అందుకుంటూండగా తెలిసింది. భుజం మీద చెయ్యి పడి చాలా రోజులైంది.

ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు. ఎంత కడుక్కున్నా గోళ్లలో గ్రీజు, ఎంత అణుచుకున్నా నోట్లో వెటకారం పోని మనిషి.

"అక్కా, సముద్రం ఎంతవరకొచ్చింది?" అన్నాడు కూర్చుంటూనే.

"ఎండిపోయింది" అంది ఆవిడ. "మానేశాగా. రేపట్నించి కొత్తావిడ వస్తోందట. నేను చదివింది చెరిపేస్తారు."

పేపరు తిరగేస్తున్న కరెంటాయన చెయ్యి ఆగింది. ఆ ఆచారం సంగతి ఆవిడ చేరిన కొత్తలోనే చెప్పింది. అతను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. ఇప్పుడు ఆ 'చెరిపేస్తారు' అన్న మాట, పలక మీద గీతని తుడిచేస్తారన్నంత మామూలుగా ఆవిడ నోటినుంచి రావడం అతనికి నచ్చలేదు.

"ఎందుకు మానేశావ్?"

"మీ బావనడుగు. ఇన్‌కం టాక్సు."

కరెంటాయన తన లెక్కంతా వివరించాడు. గీత, గీత దాటడం, మొత్తానికి పెద్ద రేటు. బావమరిది బుద్ధిగా విన్నాడు. అతను బుద్ధిగా వింటున్నాడంటేనే భయపడాలి.

"బావా, మొన్న మా డిపో మేనేజరుకి జీతం పెరిగింది. ఆయన గీత దాటాడంటావా?"

"దాటే ఉంటాడు."

"అయితే నీ లెక్కన ఆయన ఇంటికి తీసుకెళ్లేది తగ్గాలి. మరి మాకందరికీ టీ పోయించాడేం? ఏడవాలిగా?"

"ఆయనకి లెక్కలు సరిగ్గా రావేమో."

"లెక్కలు వచ్చే కదా బావా మమ్మల్ని చంపుకు తింటున్నాడు. ఒక నట్టు ఎక్కువ వాడితే పసిగడతాడు. తన జీతంలో ఇంత కన్నం పడితే చూసుకోడా?"

"కరెంటు విషయంలో..."

"కరెంటు సంగతి నీకు తెలుసు, కాదనను. కానీ నీ చేతిలో సుత్తి ఉందని ప్రతిదీ మేకే అనుకుంటే ఎలా? జీతం పెంచమని లోకమంతా అడుగుతుంది. అందరికీ లెక్క రాక అడుగుతున్నారా, నీ ఒక్కడికే వచ్చా?"

"వాడితో వాదనెందుకండీ, వాడికి పనీపాటా లేదు" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. తమ్ముడు నోరెత్తినప్పుడల్లా అక్క తనని వెనకేసుకొస్తుందని కరెంటాయనకి తెలుసు. ఆ రోజు ఆ వెనకేసుకురావడం కూడా గుచ్చుకుంది. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వాదించేవాడికి, ఎదుటివాడు నాలుగో కాలు చూపించాక కాలక్షేపం కష్టం. అందులోనూ అతను కొలతలతో బతికే మనిషి. మీటరు తప్పేమోనని ఎవరైనా అంటే, చిరాకు పడకుండా పరీక్ష మీటరు తెచ్చి పక్కన బిగించి చూపించే మనిషి. తన లెక్క పక్కన మాత్రం ఏ మీటరూ బిగించలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు అతని అడుగులు తమంతట తామే ఆ సంస్థ వైపు తిరిగాయి. అది అతను రీడింగు తీసే లైనులోనిదే. లెక్కలమ్మ కళ్లజోడు మీంచి చూసింది.

"మొన్ననేగా రీడింగు తీశావు నాయనా? మా మీటరు మీద అంత ప్రేమేమిటి?"

"అది కాదమ్మా. చిన్న సందేహం. నాకు తెలిసిన ఒకావిడ ఉంది. రెండు ఉద్యోగాలు చేస్తుంది..."

"ఆవిడ గొంతు బాగుంటుందా?"

కరెంటాయన చేతిలోని బిల్లు మిషను ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"కూర్చో" అంది లెక్కలమ్మ. "ఇంట్లో వీలు కావడం లేదు అంటే ఇంట్లో ఎవరో వీలు కానివ్వడం లేదనే అర్థం. అది నాకు తెలుసు. ఎందుకన్నదే తెలియలేదు. చెప్పు."

చెప్పాడు. ఆవిడ మధ్యలో నవ్వలేదు. ఒక కాగితం లాక్కుని అడ్డంగా మెట్లు గీసింది.

"ఇదిగో, అన్నిటికన్నా కింది మెట్టు. ఇంతవరకూ పన్ను లేదు. దీని పైది తక్కువ రేటు. ఆ పైది ఇంకాస్త ఎక్కువ. మూడో మెట్టు మీదికి వచ్చిన డబ్బుకే మూడో మెట్టు రేటు. అది పైకెక్కినంత మాత్రాన కిందున్న వాటి రేటు మారదు. గీత దాటిన ముక్కకే పెద్ద పన్ను నాయనా, ఇవతల ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరు."

కరెంటాయన ఆ మెట్లని వేలితో ఒక్కొక్కటే తడిమాడు. "ఇది పాత పద్ధతి" అన్నాడు చివరికి.

"పాతదేమిటి?"

"నేను ఉద్యోగంలో చేరినప్పుడు కరెంటు బిల్లు ఇలాగే ఉండేది. ఏ మెట్టు రేటు ఆ మెట్టుకే. తర్వాత మార్చారు. మారినప్పుడు ఇంటింటికీ తిరిగి ఈ తేడా చెప్పింది నేనే. తిట్లు తిన్నదీ నేనే."

"అయితే తెలియక కాదన్నమాట."

"తెలుసు. రెండూ తెలుసు. ఇది ఏ రకమో అడగాలని మాత్రం తోచలేదు."

"సరే, అడిగావు కాబట్టి పూర్తిగా విను. సగం తెలిసినవాడివి మళ్లీ సలహాలు మొదలెడతావు. మీ ఆవిడ చేరేటప్పుడే పగటి ఉద్యోగం సంగతి దాచకుండా చెప్పింది. కింది మెట్లన్నీ ఆ జీతానికే సరిపోయాయి. మా జీతం వచ్చి పైన కూర్చుంది. అందుకే ఇక్కడ కోత పెద్దగా కనిపించింది. చెప్పకుండా ఉంటే ఇక్కడా అక్కడా ఇద్దరమూ పన్నులేని మెట్టుని చెరోసారి లెక్కేసేవాళ్లం. నెలనెలా హాయిగా ఉండేది, ఏడాది చివర కట్టాల్సిందంతా ఒక్కసారిగా నెత్తిన పడేది. ఇప్పుడు మేం ముందుజాగ్రత్తకి కాస్త ఎక్కువే కోశాం. రిటర్ను వేస్తే ఎక్కువైంది వెనక్కి వస్తుంది."

"అంటే ఏ లెక్కన చూసినా..."

"ఏ లెక్కన చూసినా సాయంత్రం జీతంలో చాలా భాగం మీ ఇంటికే వస్తుంది. అలాగని అన్నీ మెట్లే అనుకోకు. కొన్ని రాయితీలు గీత దాటగానే ఊడిపోతాయి, అవి ఎవరికి వాళ్లు చూసుకోవాలి. మీ ఆవిడకి అలాంటిదేం లేదని నేను చూసే చెప్తున్నా."

కరెంటాయన లేచి నిలబడ్డాడు. "మరి ఆ పుస్తకం?"

లెక్కలమ్మ పైకప్పు కేసి చూసింది. "కొత్తావిడ మధ్యాహ్నం వస్తుంది. పైన రికార్డింగు చేసే అతను పాతది తీసేస్తూ ఉంటాడు."

బిల్లు మిషను ఆవిడ బల్ల మీదే వదిలేసి అతను మెట్లెక్కాడు. ఇరవై ఏళ్లలో ఏ మేడా అలా ఎక్కి ఉండడు. రికార్డింగు గదిలో బట్టతల మనిషి ఒకడు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెరకేసి చూస్తున్నాడు.

"ఆపండి" అన్నాడు కరెంటాయన. వినబడలేదు. వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

అతను హెడ్‌ఫోన్లు తీసి, యూనిఫారం వైపు చూసి, "కరెంటు పోతుందా?" అన్నాడు.

"పోదు. సముద్రం పుస్తకం... చెరిపేశారా?"

"మూడు అధ్యాయాలు పోయాయి. నాలుగోది మొదలెడుతున్నా. మీరెవరు?"

"ఆవిడ మనిషిని. ఇంటాయన్ని. ఆవిడ మళ్లీ వస్తుంది. దయచేసి ఆపండి."

వెనకే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చిన లెక్కలమ్మ గుమ్మంలో నిలబడి అడ్డం పడింది. "అలా కుదరదు. మానేస్తానని ఆవిడ తన నోటితో చెప్పింది. వస్తానన్నదీ ఆవిడే చెప్పాలి. ఇన్నాళ్లూ ఆవిడ తరఫున నువ్వు చెప్పింది చాలు." తర్వాత కాస్త మెత్తబడింది. "మధ్యాహ్నం భోజనాల దాకా వీడు ఇంకేమీ ముట్టుకోడు. వెళ్లు."

కళ్లజోళ్ల దుకాణంలో ఆవిడ ఒక ఫ్రేము కాడని వేడిచేసి వంచుతోంది. భర్తని ఆ వేళప్పుడు అక్కడ చూసి కంగారు పడింది. "ఏమైంది? డ్యూటీ లేదా?"

అతను అక్షరాల బోర్డు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. మెట్ల సంగతి, పాత పద్ధతి సంగతి, మూడు అధ్యాయాల సంగతి వరసగా చెప్పాడు. ఆవిడ వింటూనే ఫ్రేముని చల్లారనిచ్చి, బట్టతో తుడిచి, పెట్టెలో పెట్టింది.

"నాకూ అప్పుడే అనుమానం వచ్చింది" అంది.

"మరి చెప్పలేదేం?"

"మీరు లెక్క చెప్తున్నారా, ఇంటికి రమ్మంటున్నారా అని మీ మొహంకేసి చూశాను. రెండోదే అనిపించింది. దానికి ఏ లెక్క చూపించి కాదనను?"

కరెంటాయనకి తన మీటర్లు గుర్తొచ్చాయి. పాతబడ్డ మీటర్లలో కొన్ని వేగంగా తిరుగుతాయి, కొన్ని నెమ్మదిగా తిరుగుతాయి. అటూ ఇటూ తప్పేవాటి గురించి పెద్దగా అనుమానించనక్కర్లేదు. ఒకవైపుకే తప్పే మీటరుని మాత్రం విప్పి చూడాలి. లోపల ఏదో అడ్డం పడి ఉంటుంది. తన లెక్క ఒకే వైపుకి తప్పింది. తనకి ఏది కావాలో సరిగ్గా ఆ వైపుకే. ఊళ్లోవాళ్ల బిల్లుల్ని రెండేసిసార్లు చూసే మనిషి, దీన్ని ఒక్కసారైనా తిరిగి చూడకపోవడానికి కారణం అదే కదా.

"సాయంత్రం ఇంటికొస్తే, బల్లి తప్ప పలికేవాళ్లు ఉండరు" అన్నాడు.

"ఆ ముక్కే చెప్పి ఉంటే పోయేదిగా. మధ్యలో పాపం ఇన్‌కం టాక్సునెందుకు లాగారు?"

అతనికి నవ్వూ వచ్చింది, నవ్వుతో పాటు ఇంకేదో కూడా వచ్చింది. దాన్ని దాచడానికి మొహం అక్షరాల బోర్డు కేసి తిప్పేశాడు. పై వరుస తప్ప ఏదీ ఆనలేదు.

"మళ్లీ వెళ్తావా?" అన్నాడు. "నీ ఇష్టం. వెళ్లమని కూడా నేను చెప్పకూడదని ఇప్పుడే గడ్డి పెట్టించుకుని వచ్చాను."

ఆవిడ కాసేపు ఆలోచించింది. అతని కోసం కాదు, నిజంగానే ఆలోచించింది. చెరిపేసిన మూడు అధ్యాయాలు చిన్నవి కావు. వాటికోసం ఎన్ని సాయంత్రాలు నోరు ఎండబెట్టుకుందో ఆవిడకే తెలుసు.

"వారంలో రెండు సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను" అంది. "మీరడిగారని. పన్ను కోసం కాదు. మిగతావి సముద్రానికి."

"నేను అడగలేదుగా."

"ఇప్పుడడిగారుగా, బల్లి పేరు పెట్టి."

ఫోను తీసి తనే మాట్లాడింది. అవతల బట్టతలాయన ఏదో అన్నాడు. క్షమాపణే అయి ఉంటుంది. "ఫరవాలేదన్నయ్యా, మొదటి మూడూ మళ్లీ చదువుతాను" అంది. "అప్పుడు నా గొంతు బెదురుతూ ఉండేది. ఎప్పటికైనా మార్చాలనే అనుకున్నాను." ఆ మాటలో ఎంత నిజమో, ఎంత ఓదార్పో కరెంటాయనకి తెలియలేదు. రెండూ ఉంటాయనుకున్నాడు. కొత్తావిడకి వేరే పుస్తకం ఇస్తారట. అదీ ఆవిడే అడిగి తెలుసుకుంది.

ఆ సాయంత్రం అతను కూడా వెళ్లాడు. జేబులోని తాళాలు, చిల్లర తీయించి పక్కన పెట్టించారు. కిర్రుమనే కుర్చీ మార్చి, కిర్రుమనని స్టూలు ఇచ్చారు. గాజుకి అవతల ఆవిడ గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగి, పుస్తకం మొదటి పేజీ తెరిచింది. బట్టతలాయన తన రెండో జత హెడ్‌ఫోన్లు ఇతని చెవులకి తగిలించి, వేలు పైకెత్తి చూపించాడు.

"సముద్రంలోని ఉప్పు సముద్రానిది కాదు" అని ఆవిడ చదివింది. "వానలు కొండల్ని కొంచెం కొంచెంగా కరిగించాయి. నదులు ఆ కరిగినదాన్ని మోసుకొచ్చి ఇక్కడ వదిలాయి. నీరు ఆవిరై వెళ్లిపోయింది. ఉప్పు వెళ్లలేకపోయింది."

అది పొద్దున్నే గేటు దగ్గర "జాగ్రత్తగా వెళ్లండి" అనే గొంతే. కానీ ఇంత దగ్గరగా, ఇంత తీరుబడిగా, ఏ పనీ చెప్పకుండా ఆ గొంతు తనతో మాట్లాడగా అతను ఎన్నడూ వినలేదు. ఎక్కడో ఒక గదిలో, చూపు లేని మనిషి ఎవరో, ఇలాగే కదలకుండా కూర్చుని వింటారు కాబోలు అనుకున్నాడు.

పేజీ చివరికొచ్చి ఆవిడ ఆగింది. కాగితం చప్పుడు కాకుండా రెండు వేళ్లతో మెల్లగా తిప్పింది. ఆ కాస్త వ్యవధిలో తల ఎత్తి గాజులోంచి అతనికేసి చూసి, బాగుందా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

మాట్లాడకూడదు కాబట్టి అతను తల మాత్రం ఊపాడు. చదవమన్నట్టు చేత్తో సైగ చేశాడు.

ఆవిడ రెండో పేజీ మొదలుపెట్టింది.